మెరకపాలెం నీళ్ళు

వాన పట్టిన మూడో రోజు పొద్దున గేదె పాలు చేపలేదు.

రోజూ అయితే రామతులసి పీట వేసుకుని కూర్చుని, మోకాళ్ళ మధ్య తపేలా ఇరికించుకుని పితికేది. ఇప్పుడు పాకలో మోకాళ్ళ దాకా నీళ్ళున్నాయి. పీట ఎటో తేలిపోయింది. నడుం వంచి నిలబడి, ఎడమచేత్తో తపేలా పట్టుకుని, కుడిచేత్తో పొదుగు నిమురుతోంది. భర్త చంద్రరావు అరుగు మీంచి దూడని ఎత్తుకొచ్చి తల్లి దగ్గర దింపాడు. అది నీళ్ళలో నిలబడలేక వణుకుతూ రెండు గుక్కలు లాగి వదిలేసింది. గేదె మెడ తిప్పి దూడని చూసిందే గాని పాలు దింపలేదు. మూడు రోజులుగా దానికి పడుకోడానికి చోటు లేదు. కాలెత్తి దించినప్పుడల్లా గిట్టల పైన నానిపోయిన చర్మం తెల్లగా కనబడుతోంది.

"ఇంకాసేపు చూడు," అన్నాడు చంద్రరావు.

"చూస్తానే ఉన్నానండి. దానికి మాత్రం ఎక్కణ్ణుంచి వస్తాయి? తడిసిన గడ్డేగా తింటంది."

అరగంట నిమిరితే రెండు లీటర్లు వచ్చాయి. పూటకి ఆరు లీటర్లిచ్చే గేదె. రామతులసి పాలు క్యానులో వడగట్టి, మూత బిగించి, అరుగు మీద పెట్టి ఇంట్లోకి వెళ్ళింది.

లోపల అత్తగారు పాపాయి మంచం మీద మేలుకునే ఉంది. నిరుడు నూతి చప్టా మీద జారిపడి తుంటి విరిగాక ఆవిడ మళ్ళీ లేవలేదు. వాన పట్టిన రోజు మంచం కోళ్ళ కింద రెండేసి ఇటుకలు పెట్టారు. మర్నాడు ఇంకో రెండేసి. మూడో వరస పెడితే మంచం ఊగుతోందని మానేశారు. నులకకి, నీళ్ళకి మధ్య జానెడు ఎడం ఉంది. గదిలో ఒక అగ్గిపెట్టె, ఒక చెప్పు, కొబ్బరాకుల చీపురు నెమ్మదిగా తిరుగుతూ తేలుతున్నాయి. 

అన్నిటికన్నా కష్టం ఆవిడ అవసరాలు. దొడ్లో మరుగుదొడ్డి గుంట నిండి పైకి తన్నేసింది. రామతులసి అత్తగారి చంకల కింద చేతులేసి లేపి, మంచం అంచుకి జరిపి, కింద బేసిను పట్టుకుంది. తర్వాత దాన్ని వీధి గుమ్మంలోకి తీసుకెళ్ళి వంపింది. వంపింది ఎక్కడికీ పోలేదు. గుమ్మం ముందే కాసేపు తిరిగి పక్కింటి వైపు కదిలింది. ఊరంతా అలాగే వంపుతున్నారు. ఆ నీళ్ళలోనే అందరూ తిరుగుతున్నారు.

ఆమె లోపలికి వచ్చేసరికి పాపాయి మొహం గోడ వైపు తిప్పుకుని ఉంది.

"నీళ్ళు రాని ఊరని ఇచ్చారే నన్నిక్కడ," అంది గోడతోనే. "మా ఊరికి ఏటేటా గోదారొచ్చేది. ఆ బాధ నాకొద్దని మా నాన్న మెరకపాలెం వెతుక్కుంటా వచ్చాడు."

"టీ తాగి పడుకోండి అత్తయ్యా. పాలు పోసొస్తాను."

క్యాను నెత్తిన పెట్టుకుని, చీర మోకాళ్ళ పైకి దోపుకుని రామతులసి వీధిలోకి దిగింది.

మెరకపాలెం కాకినాడకి నాలుగు కిలోమీటర్లు. టౌన్ బస్సుకి అదే చివరి స్టాపు. సగం ఊరు ఇంకా వ్యవసాయమే చేస్తోంది, మిగతా సగం తెల్లారగానే టౌన్లోకి పనికి పోతుంది. పేరుకి తగ్గట్టు చుట్టూ ఉన్న పొలాలకంటే రెండు మూరల ఎత్తున ఉండేది. పెద్ద తుఫాన్లకి కూడా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పశువుల్ని తోలుకొచ్చి ఇక్కడ కట్టుకునేవారు. ఆరేళ్ళ కిందట తూర్పు పొలాలు లేఅవుట్ అయ్యాయి. కొన్నవాళ్ళు ఎండాకాలమంతా లారీలతో గ్రావెల్ తోలించి, ఆ నేలని ఊరికంటే మూడడుగులు పైకి లేపారు. ఊళ్ళో వాననీళ్ళు పోయే మురుగుకాలవ ఆ పొలాల మధ్యనుంచే సముద్రం వైపు పోయేది. దాన్ని పూడ్చేసి, రోడ్డు కింద రెండు సిమెంటు తూములు వేశారు. తూములు వేసింది ఊరి నేలకంటే ఎత్తులో. అవి కూడా నిరుటి వానలకే బురద పట్టి మూసుకుపోయాయి.

ఊరి చివర నీళ్ళు తొడల దాకా వచ్చాయి. రామతులసి కాలితో తడుముకుంటూ నడిచి, కాలనీ రోడ్డు మీదికి ఎక్కింది. పైన నేల తడిగా ఉంది, అంతే. అక్కడ నిలబడి కుచ్చెళ్ళు పిండుకుంది. ఎదురుగా సిమెంటు ఆర్చి మీద 'లక్ష్మీనగర్' అని ఎర్రరంగు అక్షరాలు. ఆర్చి కింద ఎవరో చెప్పులు తడవకుండా గొడుగేసుకుని నడుస్తున్నారు.

మొదటి ఇల్లు జగన్నాథరావు గారిది. ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యాడు. కాలనీ సంఘానికి ఆయనే ప్రెసిడెంటు. వరండాలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు.

"ఇదేంటమ్మా, అరలీటరుకి పావులీటరు పోశావు?"

"గేదె నీళ్ళలో ఉందండి. చేపట్లేదండి."

"ఊళ్ళో నీళ్ళు ఇంకా తియ్యలేదా?"

"ఎలా తీస్తాయండి, తూములు పూడిపోయాయి కదండి. మీరొక్కసారి ఆ లేఅవుట్ వాళ్ళకి చెప్పారంటే ఒక మిషనొచ్చి గంటలో తీసేస్తది. మీ మాట కాదనరు కదండి."

జగన్నాథరావు పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆయన ఎవరినీ కసిరి మాట్లాడడు. "తూములు ప్లాన్ ప్రకారమే వేశారమ్మా. పైవాళ్ళు చూసి అప్రూవ్ చేసిన లేఅవుట్ ఇది. మీ ఊరు పల్లంలో పడిపోయింది. నీరు పల్లమెరుగు అన్నారు. మనమేం చేస్తాం చెప్పు?"

"మాది మెరకండి," అంది రామతులసి.

ఆయన నవ్వాడు. ఎగతాళిగా కాదు, పిల్లలు తెలియక మాట్లాడితే నవ్వినట్టు. "రేపైనా సరిగ్గా పొయ్యి. మనవరాలొచ్చింది," అని మళ్ళీ పేపరు విప్పుకున్నాడు.

మిగతా ఆరిళ్ళకీ కొంచెం కొంచెం సర్ది పోసింది. కాలనీ రోడ్డు ఆగ్నేయం మూల తిరిగేచోట నేల గుల్లగా ఉంటుంది. అక్కడ గ్రావెల్ సరిగా దిమ్మిస చెయ్యలేదు, రోజూ ఆమె కాలు మడమ దాకా దిగుతుంది. ఆ మూల దాటితే ఇంకా మట్టి తోలని ప్లాట్లు. వాటి మధ్య ఇటుకల వరసలు, ఇసుక కుప్ప, వాటికి కాపలా ఉండే శాంతికుమార్ షెడ్డు. మట్టితో పేర్చిన ఇటుక గోడలు, పైన రేకులు, రేకుల మీద నీలం టార్పాలిన్ పట్టా. శాంతికుమార్, నాగదుర్గ పెద్దవాళ్ళని కాదని పెళ్ళి చేసుకుని తుని వైపునుంచి వచ్చారు. పది నెలల ఆడపిల్ల. రామతులసి ఎప్పుడూ చివర్న క్యానులో మిగిలిన పాలు ఆ పిల్లకి పోసి పోతుంది.

ఇవాళ మిగల్లేదు. అయినా అలవాటు కొద్దీ అటే వెళ్ళింది.

"పర్లేదక్కా, గంజి పడతాను," అంది నాగదుర్గ. పిల్ల ఆమె భుజం మీద తల వాల్చుకుని రామతులసి ముక్కుపుడకకేసి చూస్తోంది. "మీ అత్తగారెలా ఉన్నారు? ఆ నీళ్ళలో ఎలా అక్కా ఆవిడతో?"

"ఎలాగో అలా."

"ఇక్కడికి తీసుకొచ్చెయ్యకూడదా? మాకు నీళ్ళేం రాలేదు. ఆయన, నేను ఇసుక మీద పట్టా కప్పుకుని పడుకుంటాం."

రామతులసితో మూడు రోజుల్లో ఆ మాట అన్నవాళ్ళు వేరే ఎవరూ లేరు. "మంచం కదిపితే నెప్పెడతదమ్మా ఆవిడకి," అని చెప్పి, పిల్ల పాదం పట్టుకుని ఒకసారి నొక్కి వచ్చేసింది.

*

మర్నాడు ఊరి మగాళ్ళు పదిహేనుమంది పంచాయితీ ప్రెసిడెంటుని వెంటబెట్టుకుని మండలాఫీసుకి వెళ్ళారు. చంద్రరావు కూడా వెళ్ళాడు. అతని ఆటో ఇంజన్లోకి నీళ్ళు పోయి కదలకపోతే, మెయిన్ రోడ్డు దాకా నడిచి, అక్కడ ఎవరి లారీయో ఆపుకుని వెళ్ళారు. మధ్యాహ్నానికి తిరిగొచ్చారు. ఆఫీసరు క్యాంపులో ఉన్నాడట. గుమాస్తా కాగితం తీసుకుని, వాన తెరిపిచ్చాక సర్వేయరుని పంపిస్తామన్నాడట.

"సర్వే ఏం చేస్తారు?" అనడిగింది రామతులసి, పొడిబట్ట అందిస్తూ.

"ఏది పల్లమో ఏది మెరకో చూస్తారంట."

ఆ మాట చంద్రరావు మామూలుగానే అన్నాడు. తల తుడుచుకుంటూ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. 

అప్పుడే వీధిలో ఏదో కుప్పకూలిన చప్పుడైంది. చప్పుడు పెద్దదేం కాదు. నీళ్ళలోకి గడ్డిమోపు పడేసినట్టు వినిపించింది. తర్వాత ఆడమనిషి మూలుగు.

మూడిళ్ళ అవతల చినబాబు ఇంటి దక్షిణపు గోడ నానిపోయి జారింది. మట్టి గోడ. చినబాబు తల్లి ఆ గోడ వారనే బల్ల మీద కూర్చుని బియ్యం ఏరుతోందట. తీసేసరికి చెయ్యి మోచేతి దగ్గర పక్కకి తిరిగిపోయి ఉంది. ఆవిడ అరవలేదు. "బియ్యం పోయాయిరా," అంటోంది. మంచం మీద పడుకోబెట్టి, నలుగురు భుజాలకెత్తుకుని నీళ్ళలో మెయిన్ రోడ్డు దాకా మోసుకుపోయారు. తాపీమేస్త్రి దగ్గర పనిచేసే చినబాబు ముందు కోడు పట్టుకున్నాడు. మోకాళ్ళతో నీళ్ళని తోసుకుంటూ ఎక్కడా ఆగకుండా నడిచాడు. రామతులసి గుమ్మంలో నిలబడి వాళ్ళు పోయినంతమేరా చూసింది. లోపలికి వచ్చి తన ఇంటి గోడ మీద చెయ్యి పెట్టి చూసింది. తడి నీటి గీతకి మూరెడు పైకి పాకి ఉంది. కింద వేలితో నొక్కితే సున్నం పొర ఊడి వేలికి అంటుకుంది.

ఆ సాయంత్రం గేదె అర లీటరు కూడా ఇవ్వలేదు. పాలలో ఎర్రని చార కనిపించింది. వాటిని నీళ్ళలోనే పారబోసింది.

*

ఐదో రోజు మధ్యాహ్నం చినబాబు ఆసుపత్రినుంచి వచ్చాడు. ఇంటికి పోలేదు. కూలిన గోడ పక్కన నీళ్ళలో చేత్తో వెతికి పార తీసుకున్నాడు. వీధి వెంట వస్తూ ఒక్కో గుమ్మం ముందూ ఆగి, "రోడ్డుకి గండి కొడతన్నాం. వచ్చేవాళ్ళు రండి," అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. ఎవరూ వాదించలేదు. గునపాలు, పారలు పట్టుకుని పన్నెండుమంది దాకా బయల్దేరారు. చంద్రరావు పలుగు తీసుకున్నాడు. రామతులసి అత్తగారికి దుప్పటి సరిచేసి, వాళ్ళ వెనకే నడిచింది.

అంతా ఆర్చి దగ్గర రోడ్డెక్కారు. చినబాబు తూములున్న చోట గునపం దించాడు. ఖణేల్‌మంది. అక్కడ కాలనీవాళ్ళు సిమెంటు వేయించుకున్నారు. నలుగురు మార్చి మార్చి కొట్టినా అంగుళం లోతు పెచ్చులు లేచాయి అంతే. కాలనీ మేడల మీద గొడుగులు కనిపించాయి. ఒకాయన పైనుంచి, "ఏయ్, ఏం చేస్తున్నారు అక్కడ?" అని అరిచాడు. జవాబు చెప్పకపోయేసరికి ఆయన ఊరుకున్నాడు. ఎవరూ కిందికి దిగి రాలేదు.

"ఇలా అయితే రేపటికి కూడా తెగదు," అన్నాడు చంద్రరావు. "తెగినా నీళ్ళు రోడ్డెమ్మట ఆళ్ళ ఇళ్ళల్లోకి పోతాయి. పోలీసులొస్తారు."

"రానీ," అన్నాడు చినబాబు.

"ఇక్కడ కాదు," అంది రామతులసి.

అందరూ తిరిగి చూశారు. ఆమె మగవాళ్ళ పనిలో అలా మాట్లాడే మనిషి కాదు.

"ఆ మూల కొట్టండి. తిరిగేచోట. అక్కడ గుల్ల. రోజూ నా కాలు దిగడిపోతంది. అవతల ప్లాట్లు పల్లంగా ఉన్నాయి, పాత కాలవ అటే ఉండేది."

చెబుతూ ఉండగానే ఆమె కళ్ళకి వానలో మసగ్గా నీలం పట్టా కనిపించింది. కేకేస్తే వినబడేంత దూరం, వాన లేకపోతే.

"ముందు ఆ వాచ్‌మన్ వాళ్ళకి చెప్పాలి," అంది.

"చెప్తారులే ఎవరో ఒకళ్ళు," అంటూ చినబాబు అప్పటికే అటు నడుస్తున్నాడు.

మూల దగ్గర నేల గునపం దెబ్బకి వెన్నలా విడిపోయింది. పారలతో తోడుతుంటే గంటలోపే మూరెడు వెడల్పున కోత పడింది. ఊరివైపు నీళ్ళు ఆ కోతలోకి తొంగిచూసినట్టు కొంచెంగా వచ్చి, ఆగి, ఒక్కసారిగా పట్టుకున్నాయి. అంచులు వాటంతటవే విరిగి పడుతున్నాయి. మూరెడు కోత రెండు బారలయింది. నీళ్ళు ఎర్రగా మారి, చప్పుడు చేసుకుంటూ అవతలికి దూకుతున్నాయి. మగాళ్ళు వెనక్కి గెంతి అరిచారు. ఎవరో ఈల వేశారు. చినబాబు పార పక్కన పడేసి రోడ్డు మీద గొంతుక్కూర్చుని రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు.

"తులసీ, ఇంటికి పద," అన్నాడు చంద్రరావు. "నీళ్ళు తీస్తన్నాయి. ఇప్పుడే చీపురు పట్టాలి."

అది నిజం. నీళ్ళు తీసేటప్పుడే బురదని వాటితోపాటు తోసెయ్యాలి. ఒకసారి నేలకి అంటుకుపోయిందంటే వారం గీకినా వదలదు. రామతులసి అటు తిరిగి నీలం పట్టావైపు ఒకసారి చూసింది. ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు ఆ దిక్కున రోడ్డు అంచు మీద నిలబడి ఉన్నారు. వాళ్ళు చెప్పే ఉంటారనుకుంది. గబగబా ఇంటికి నడిచింది.

సాయంత్రం దాకా ఆమె వంగిన నడుం ఎత్తలేదు. ముందు లోపలి గది, తర్వాత వంటిల్లు, తర్వాత వసారా. కొబ్బరాకుల చీపురుతో నీళ్ళని గుమ్మం వైపు తోస్తూ, నీళ్ళతోపాటు బురదని, బురదతోపాటు చచ్చిన జెర్రులని, తెలియని వాళ్ళింటి గుడ్డపీలికలని బయటికి పంపింది. వీధంతా అవే చీపుళ్ళ చప్పుడు. ఐదు రోజుల తర్వాత పిల్లలు కేకలేస్తున్నారు. చంద్రరావు పాకలో రెండు బుట్టల పొడి ఊక చల్లాడు. గేదె ముందు మోకాళ్ళు మడిచి, వెనక కాళ్ళు మడిచి, ఒళ్ళంతా ఒకేసారి నేలకి వదిలేసి పడుకుంది. దాని ఊపిరి వాకిట్లోకి వినిపించింది.

మంచం కోళ్ళ కింది ఇటుకలు తియ్యడానికి వంగినప్పుడు, ఆ వాచ్‌మన్ వాళ్ళకి ఎవరు చెప్పారో అడగలేదని ఆమెకి గుర్తొచ్చింది. చంద్రరావుని అడిగింది.

"చినబాబు పంపించే ఉంటాడు," అన్నాడతను.

*

తెల్లారేసరికి వాన వెలిసింది. గేదె మూడు లీటర్లిచ్చింది. రామతులసి నీళ్ళు తీసిన రోడ్డు మీద నడిచి, గండి దగ్గరికొచ్చి ఆగింది. నీళ్ళు ఇంకా చీలమండల లోతున జారుతున్నాయి. ఎవరో కరెంటు స్తంభం ఒకటి అడ్డంగా వేశారు. దాని మీద నడిచి అవతలికి దాటి చూసింది.

షెడ్డు లేదు. రేకులు రెండు ఇసుకలో సగం కూరుకుపోయి ఉన్నాయి. నీలం పట్టా దూరంగా తుమ్మ కంపకి చుట్టుకుంది. గోడలున్న చోట నాలుగు వరసల ఇటుకలు ఎల్ ఆకారంలో నిలబడ్డాయి.

నాగదుర్గ ఇటుకల గుట్ట మీద కూర్చుని ఉంది. పిల్ల ఒళ్ళో నిద్రపోతోంది, నోరు తెరుచుకుని, ఊపిరి గురగురలాడుతూ. శాంతికుమార్ బురదలో కాళ్ళతో తడుముతూ తిరుగుతున్నాడు. ఒక గిన్నె దొరికింది. ఇంకోచోట తడిసి ముద్దయిన చీర.

రామతులసి క్యాను దించి, పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టింది. కాలిపోతోంది.

"ఈయన బియ్యానికని టౌన్‌కెళ్ళాడు నిన్న," అంది నాగదుర్గ. గొంతు పూర్తిగా పోయింది, గాలి మాత్రమే వస్తోంది. "బస్సుల్లేక చీకటి పడ్డాక వచ్చాడు. అప్పటిదాకా దీని మీదే నిలబడ్డాం. మీ అరుపులు వినపడ్డాయక్కా. నా కోసమే వస్తన్నారనుకున్నాను. నేను కూడా అరిచాను."

ఇంతలో కాలనీ వైపునుంచి జగన్నాథరావు, ఇంకో ముగ్గురు ప్యాంట్లు పైకి మడుచుకుని వచ్చారు. వాళ్ళు ముందు గండిని చూశారు, తర్వాత ఇటుకల్ని లెక్కపెట్టినట్టు చూశారు. శాంతికుమార్ గిన్నె కింద పెట్టి చేతులు కట్టుకున్నాడు.

"నువ్వెక్కడికి పోయావయ్యా నిన్న?" అన్నాడు జగన్నాథరావు.

"బియ్యం నిండుకుంటే టౌన్‌కెళ్ళానండి."

"కాపలావాడివి నువ్వు. నువ్వు లేకపోబట్టే ఇంత పనయింది. రోడ్డు కొట్టేస్తుంటే అడిగేవాడు లేడు. రాత్రి సంఘంలో అందరం అనుకున్నాం. రేపట్నుంచి వేరే మనిషిని పెట్టుకుంటున్నాం."

"అయ్యా, పిల్లకి జ్వరమండి. వస్తువులన్నీ పోయాయండి."

"అర్థమవుతోంది. నేనొక్కణ్ణి కాదు కదా, సంఘం నిర్ణయం."

రామతులసి క్యాను అక్కడే వదిలి ముందుకొచ్చింది. "ఆయన తప్పు లేదండి. రోడ్డు కొట్టింది మా ఊరివాళ్ళు. ఎక్కడ కొట్టాలో చూపించింది నేను."

నాగదుర్గ తలెత్తింది.

"తెలుసమ్మా," అన్నాడు జగన్నాథరావు.

"తెలుసా అండి?"

"మా మేడ మీంచి చూశాను. నువ్వు చెయ్యెత్తి చూపించడం, వాళ్ళు ఇటు రావడం, అంతా చూశాను." ఆయన గొంతు తగ్గించాడు, సొంత మనిషితో మాట్లాడుతున్నట్టు. "నువ్వు తెలివైన పని చేశావు. వాళ్ళు మొదలుపెట్టినట్టు ఆర్చి దగ్గర కొట్టుంటే నీళ్ళన్నీ మా ఇళ్ళల్లోకొచ్చేవి. కేసులు, గొడవలు, మీకూ మాకూ మొహాలు చూసుకోడానికుండేది కాదు. ఈ మూల కొట్టబట్టి ఎవరికీ నష్టం లేకుండా సరిపోయింది. ఇరిగేషన్‌లో ముప్ఫయ్యేళ్ళు చేసినవాణ్ణి, నేనైనా ఇక్కడే కొట్టమందును."

రామతులసి ఇటుకల గుట్టవైపు చెయ్యి చూపించింది. "మీరు పైనుంచి చూస్తన్నారు కదండి. ఈవిడ ఇటుకల మీద నిలబడటం కూడా కనిపించే ఉంటది కదండి."

ఆయన కళ్ళజోడు తీసి పంచె అంచుకోసం చూసుకుని, ప్యాంటు వేసుకున్నానని గుర్తొచ్చి, చొక్కాకి తుడుచుకున్నాడు. "మా వైపుకి వస్తాయేమోనని చూస్తున్నామమ్మా," అన్నాడు. "పాలు ఇంటి దగ్గర పోసెయ్యి. మనవరాలు లేచింది."

వాళ్ళు గండి వైపు వెళ్ళి, ఎన్ని లారీల మట్టి పడుతుందో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

రామతులసి వెనక్కి తిరిగింది. నాగదుర్గ ఆమెనే చూస్తోంది. కోపంగా కాదు. కొత్త మనిషిని చూసినట్టు.

"చూపించేటప్పుడు మేమిక్కడున్నామని గుర్తుందా అక్కా?"

గుర్తు లేదంటే సరిపోయేది. కుర్రాళ్ళు చెప్పారనుకున్నానంటే అది కూడా అబద్ధం కాదు. ఆ రెండు మాటలూ రామతులసి నోటిదాకా వచ్చాయి.

"ఉంది," అంది.

నాగదుర్గ తల ఊపింది. అంతే. పిల్లని భుజానికి మార్చుకుని ఇటుకల మీంచి దిగింది.

"మా ఇంటికి రా. పిల్లకి తగ్గేదాకా ఉండు. ఇల్లు కడిగేశాను."

"వద్దక్కా. తాళ్ళరేవులో ఈయన అక్క ఉంది. రానిస్తదో లేదో, వెళ్ళి చూస్తాం."

ఆ రోజు రామతులసి కాలనీలో పాలు పోయలేదు. క్యాను తీసుకుని ఇంటికి పోయి, పాలు కాచి, సీసాలో పోసి పట్టుకొచ్చింది. చంద్రరావుకి జరిగింది చెప్పింది. అతను పొద్దున్నుంచి ఆరబెట్టిన ఆటో ఇంజన్ని నలభైసార్లు లాగి స్టార్ట్ చేసి, గండి ఇవతల ఆపాడు. వాళ్ళ సామానంతా ఒక గోనెసంచిలో పట్టింది. శాంతికుమార్ ముందు స్తంభం మీద దాటొచ్చాడు. నాగదుర్గ వెనక వస్తోంది. తడిసిన స్తంభం మీద ఆమె కాలు జారుతుంటే రామతులసి ఎదురు వెళ్ళి పిల్లకోసం చేతులు చాపింది.

నాగదుర్గ పిల్లని ఇవ్వలేదు. ఒక చేత్తో పిల్లని గుండెకి అదుముకుని, రెండో చెయ్యి గాలిలో చాపుకుని, ఒక్కో అడుగూ వేసుకుంటూ తనే దాటింది. పాలసీసా మాత్రం శాంతికుమార్ తీసుకున్నాడు. ముందు పిల్లని ఆసుపత్రిలో చూపించి, తర్వాత బస్సెక్కిస్తానన్నాడు చంద్రరావు. ఆటో మలుపు తిరిగి మెయిన్ రోడ్డెక్కేదాకా నాగదుర్గ వెనక్కి చూడలేదు.

తిరిగొస్తుంటే ఊళ్ళో పండగలా ఉంది. ప్రతి ఇంటి ముందు పరుపులు, బియ్యం, పుస్తకాలు ఎండకి ఆరేశారు. చినబాబు కూలిన గోడ దగ్గర మట్టి తొక్కుతున్నాడు. ఆమెని చూసి చెయ్యెత్తి, "మీరే కాపాడారు ఊరిని, వదినగారూ," అన్నాడు.

"ఆ వాచ్‌మన్ వాళ్ళకి ఎవరు చెప్పారు చినబాబూ?"

అతని కాళ్ళు ఆగాయి. "మీరు చెప్తారనుకున్నాను," అన్నాడు. మళ్ళీ మట్టి తొక్కసాగాడు, ఇందాకటికన్నా నెమ్మదిగా.

రామతులసి ఇంట్లోకి వచ్చి అత్తగారి పక్కగుడ్డలు మార్చింది. గది నేల తడి ఆరుతూ మచ్చలు మచ్చలుగా ఉంది. పాపాయి చాలా రోజుల తర్వాత మొహం ఇటు తిప్పి పడుకుంది. చెయ్యి మంచం కిందికి వేలాడేసి, వేళ్ళతో నేలని తాకి చూసింది.

"మొత్తం పోయాయే?"

"పోయాయి అత్తయ్యా."

"ఎటు పోయాయి?"

రామతులసి మార్చిన గుడ్డలు బేసిన్లో పడేసింది.

"మన కింద ఒకళ్ళున్నారత్తయ్యా," అంది. "వాళ్ళింట్లోకి పోయాయి."

పాపాయి నేల మీద పెట్టిన చెయ్యి నెమ్మదిగా పైకి తీసుకుని దుప్పట్లో పెట్టుకుంది.